రైల్వే సంప్రదింపుల కమిటీ: నెల్లూరు, ఒంగోలు ప్రయాణికుల వైపు నుంచి ఒక సమీక్ష

గూడూరు నుంచి ఒంగోలు దాకా రోజూ రైలెక్కే ఉద్యోగులు, విద్యార్థులు, చిరువ్యాపారుల్లో చాలామందికి తమ తరఫున మాట్లాడడానికి ఒక కమిటీ ఉందన్న సంగతి తెలియదు. దానికి చందా లేదు, రుసుము లేదు. ప్రయాణికుడిగా దాని సేవ పొందడానికి ఒక కాగితం, ఒక కలం చాలు. డివిజన్ స్థాయిలో ఉండే ఈ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీని పత్రికలు డీఆర్‌యూసీసీ అని రాస్తాయి. దానికి పైన జోన్ స్థాయిలో జెడ్‌ఆర్‌యూసీసీ, అన్నిటికీ పైన జాతీయ స్థాయి మండలి, కింద పెద్ద స్టేషన్లకు స్టేషన్ కమిటీలు ఉన్నాయి. మన కోస్తా మార్గాన్ని పట్టించుకోవలసినది విజయవాడ డివిజన్ కమిటీ. డివిజనల్ రైల్వే మేనేజర్ దానికి అధ్యక్షులు, వాణిజ్య విభాగపు సీనియర్ అధికారి కార్యదర్శి. సభ్యుల పదవీకాలం సాధారణంగా రెండేళ్లు. సమావేశాలు మామూలుగా ఏడాదికి మూడు.

వాణిజ్య మండళ్లు, రైతు సంఘాలు, నమోదైన ప్రయాణికుల సంఘాలు, వినియోగదారుల సంఘాలు, దివ్యాంగుల సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం తరఫు ప్రతినిధులతో పాటు పార్లమెంటు సభ్యుల సిఫారసుతో వచ్చేవారూ అందులో కూర్చుంటారు. స్టేషన్ సౌకర్యాలు, కొత్త స్టేషన్ల ప్రతిపాదనలు, కాలపట్టికలు, సేవల మెరుగుదల అక్కడ చర్చించవచ్చునని, సిబ్బంది నియామకాలూ క్రమశిక్షణ వ్యవహారాలూ చర్చించరాదని నిబంధనలు చెబుతాయి. కమిటీ ఇచ్చేది సలహా మాత్రమే. దాని తీర్మానానికి రైల్వే కట్టుబడవలసిన పని లేదు.

నేను ఆ కమిటీలో సభ్యుణ్ని కాను. మా ఊరి ప్రయాణికుల సంఘం తరఫున వినతిపత్రాలు రాసి సభ్యుల చేతికి అందించడం, సమాధానం వస్తే చదివి నలుగురికీ వినిపించడం నా పని. ఈ సమీక్ష ఆ చివర నుంచి రాస్తున్నాను కాబట్టి సమావేశపు గదిలో జరిగే మర్యాదల గురించి గానీ, ఫలహారాల గురించి గానీ ఇందులో ఏమీ ఉండదు.

ముందుగా మంచి చెప్పాలి. డివిజన్ అధికారుల చేతిలో ఉన్న పనుల విషయంలో ఈ కమిటీ నిజంగానే పనిచేస్తుంది. తాగునీటి కుళాయి, ప్లాట్‌ఫారం మీద నీడ, బోగీ ఎక్కడ ఆగుతుందో చూపే బోర్డులు, రెండో టికెట్ కౌంటరు, మెట్లు ఎక్కలేని వృద్ధుల కోసం ర్యాంపు వంటి కోరికలు సభ్యుడి నోటి వెంట సమావేశంలో వినిపించి, చర్చాంశాల పట్టికలో అచ్చయితే, సంబంధిత శాఖ అధికారి దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పవలసి వస్తుంది. ఇదే కోరికను స్టేషన్ మాస్టరు గదిలో ఫిర్యాదు పుస్తకంలో రాస్తే వచ్చే ఫలితానికీ, దీనికీ చాలా తేడా ఉంది. 139 నంబరుకు ఫోను చేసినా, రైల్ మదద్ యాప్‌లో నమోదు చేసినా ఆ రోజు బోగీలో నీళ్లు రాలేదన్న ఫిర్యాదు పరిష్కారమవుతుందే తప్ప, ఆ స్టేషన్లో నీళ్లు నింపే ఏర్పాటే లేదన్న సంగతి ఎవరి దృష్టికీ వెళ్లదు. ఒక్కరోజు ఇబ్బందికీ, ప్రతిరోజూ ఉండే లోపానికీ తేడా చూపగల వేదిక ఇదొక్కటే. మా వినతుల్లో ఈ తరహావి కొన్ని ఆలస్యంగానైనా నెరవేరాయి.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ప్రయాణికులు అందరికన్నా ఎక్కువగా అడిగేది కుళాయి కాదు, హాల్టు. 2020లో కరోనా కాలంలో రైళ్లన్నీ ఆగిపోయి, తిరిగి మొదలైనప్పుడు చిన్న స్టేషన్లలో అనేక హాల్టులు తిరిగి రాలేదు. కొన్ని ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ పేరుతో, ఎక్స్‌ప్రెస్ చార్జీతో నడిచాయి. బిట్రగుంట, ఉలవపాడు, టంగుటూరు వంటి చోట్ల నుంచి పనికి వెళ్లే మనిషికి ఒక హాల్టు పోవడమంటే ఆ ఉద్యోగానికి వెళ్లి రాగలిగే వీలు పోవడమే. అయితే మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లకు హాల్టు ఇచ్చే అధికారం డివిజన్‌కు లేదు. అది ఢిల్లీలోని రైల్వే బోర్డు నిర్ణయం. ఆ స్టేషన్లో అమ్ముడయ్యే టికెట్ల ఆదాయాన్ని లెక్క చూసి, ఇవ్వదలిస్తే ముందుగా ప్రయోగాత్మకంగా ఇస్తారు. కాబట్టి డీఆర్‌యూసీసీలో హాల్టు అడిగితే డివిజన్ చేయగలిగింది పైకి పంపడమే, దానికి వచ్చే జవాబు కూడా అందుకు తగినట్టే 'పరిశీలనలో ఉంది' అని ఉంటుంది. ఇందులో అధికారుల నిర్లక్ష్యం కన్నా కమిటీ నిర్మాణంలోని లోపమే ఎక్కువ: నిర్ణయం ఒక చోట, సలహా ఇంకొక చోట ఉన్నాయి. ఆదాయపు లెక్కలోనూ ఒక తిరకాసు ఉంది. రైలు ఆగని స్టేషన్లో ఆ రైలుకు టికెట్లు అమ్ముడుకావు. అమ్ముడుకాలేదు కాబట్టి రైలు ఆపరు. ఈ వాదనను గణాంకాలతో ఖండించగల సభ్యుడు ఉంటే కమిటీ విలువ పెరుగుతుంది. ఊరి కళాశాలల్లో ఎందరు బయటి నుంచి వస్తున్నారో, ఆసుపత్రి పని మీద నెల్లూరుకు ఎందరు వెళ్తున్నారో, వారు ఇప్పుడు ఆటోలకూ బస్సులకూ ఎంత ఖర్చు పెడుతున్నారో లెక్క తీసి సమర్పించిన వినతికీ, సంతకాలు మాత్రమే ఉన్న వినతికీ దక్కే మర్యాద ఒకటి కాదు.

సభ్యులు ఎవరన్నది తర్వాతి ప్రశ్న. వారిని ఎంపిక చేసే పద్ధతిలో వ్యాపార సంఘానికీ, రాజకీయ సిఫారసుకూ చోటు పుష్కలంగా ఉంది. సీజన్ టికెట్టు మీద వెళ్లే విద్యార్థినికీ, తెల్లవారుజామున చేపల బుట్టతో ఎక్కే స్త్రీకీ చోటు లేదు. రైలు ప్రయాణం ఎవరికి అత్యవసరమో వారు బల్ల దగ్గర లేరు. సభ్యత్వాన్ని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకుని, సమావేశానికి ముందు స్టేషన్లో పది నిమిషాలు నిలబడి ప్రయాణికుల మాట వినని వారి గురించి ప్రయాణికుల సంఘాల్లో వినిపించే మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అలాగని అందరూ అలాంటివారు కారు. ఊరూరా తిరిగి కోరికలు సేకరించి, సమావేశం అయ్యాక జవాబు ప్రతిని తెచ్చి ఇచ్చిన సభ్యులూ ఉన్నారు. అది వారి మంచితనం మీద ఆధారపడి ఉండడమే నా అభ్యంతరం, ఎందుకంటే సభ్యుడు తన ప్రాంతానికి జవాబు చెప్పి తీరాలన్న ఏర్పాటు ఎక్కడా కనిపించదు.

ఈ లోపాన్ని పూడ్చుకునే దారి చట్టంలోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తనకు సలహా ఇవ్వడానికి ఏర్పాటైన కమిటీల వివరాలను, ఆ సమావేశాలకు ప్రజలు హాజరు కావచ్చునో లేదో, వాటి మినిట్సు (చర్చల రాతపూర్వక నమోదు) ప్రజలకు అందుబాటులో ఉన్నాయో లేదో, ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టి అడగవచ్చు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. వినతిపత్రం రాసే ప్రతి సంఘానికీ నేను చెప్పేది ఇదే: ముందు గత రెండు సమావేశాల మినిట్సు తెప్పించుకుని చదవండి. మనం అడగబోయే విషయాన్ని ఇంతకుముందే ఎవరో అడిగి ఉంటారు, దానికి ఒక కారణం చూపి కాదని ఉంటారు. ఆ కారణానికి జవాబు లేకుండా మళ్లీ అదే కోరిక రాయడం వల్ల టైపు ఖర్చు తప్ప ఏమీ రాదు.

ఇక ప్రాంతీయ ప్రణాళిక అన్న పెద్ద మాట దగ్గరికి వస్తే, ఈ కమిటీకి కనిపించేది రైలు పట్టాల వరకే. ఒంగోలు, సింగరాయకొండ విజయవాడ డివిజన్‌లో ఉన్నాయి. పశ్చిమ ప్రకాశంగా మనం పిలుచుకునే వైపున దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు గుంటూరు డివిజన్‌లో ఉన్నాయి. మార్కాపురం మనిషి ఒంగోలు రావాలంటే రైలు పనికిరాదు, బస్సే దిక్కు. కానీ ఆ బస్సు గురించి మాట్లాడే అధికారి ఈ రెండు కమిటీల్లో దేనిలోనూ ఉండరు. కందుకూరు ప్రయాణికులకు రైలంటే సింగరాయకొండ స్టేషనే. ఆ స్టేషను అమృత్ భారత్ పథకంలో ఎంత అందంగా తయారైనా, రైలు దిగిన వేళకు కందుకూరు బస్సు దొరుకుతుందా లేదా అన్నదే వారి అసలు ప్రశ్న. మా సంఘం ఒకసారి ఇలాంటి కోరికే రాసింది: ఒక స్టేషనుకు సాయంత్రపు రైలు రాకముందే చివరి బస్సు వెళ్లిపోతోంది, దాన్ని కొద్దిసేపు ఆపితే చాలు. రైల్వే వైపు నుంచి అది బస్సు సంస్థ వ్యవహారమని, బస్సు వైపు నుంచి రైలు ఆలస్యాలకు తాము బాధ్యులం కామని జవాబులు వచ్చాయి. రెండూ న్యాయమైన జవాబులే. రెంటినీ కలిపి చూసే బల్ల లేకపోవడం వల్ల ఆటో వారికి రాత్రి బేరం దక్కింది.

నెల్లూరు నగరంలో ఈ లోపం నీటి రూపంలో కనిపిస్తుంది. మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో గట్టి వాన పడితే నీరు నిలిచి, ఊరు పట్టాలకు అటూ ఇటూ రెండు ముక్కలవుతుంది. పైనున్న వంతెన రైల్వేది, కింది రోడ్డు మరొకరిది, కాలువ ఇంకొకరిది. ఏ ఒక్క శాఖ సలహా కమిటీలో అడిగినా మిగతా సగం బయటే ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు మార్గాన్నీ జాతీయ రహదారినీ ఒకేసారి దెబ్బతీసినప్పుడు, చెన్నై, విజయవాడల మధ్య రాకపోకలు ఒక్క చోట తెగితే రెండూ తెగుతాయని దేశమంతా చూసింది. నీరు ఏ దారిన వస్తుందో కోవూరు వైపు రైతులకు పటం లేకుండానే తెలుసు. అలాంటి జ్ఞానాన్ని కట్ట వేయకముందు, కల్వర్టు వెడల్పు నిర్ణయించకముందు కాగితం మీదికి తేవడమే పౌరుల సలహా సంఘం చేయగల అతి పెద్ద మేలని నా అభిప్రాయం. బెంచీలు అడగడం దాని ముందు చాలా చిన్న పని.

పోలిక కోసం మిగతా తలుపుల గురించి కూడా చెప్పాలి. ఆర్టీసీ డిపోల్లో జరిగే డయల్ యువర్ డీఎం కార్యక్రమం డిపో మేనేజరుతో ఒక గంట ఫోను సంభాషణ. అందులో ప్రణాళిక ఏమీ లేదు గానీ, ఫలానా పల్లెవెలుగు బస్సు ఫలానా ఊళ్లోకి రాకుండా అడ్డరోడ్డు మీదే వెళ్లిపోతోందని చెబితే మర్నాటికి సరిదిద్దిన సందర్భాలు నాకు తెలుసు. వేగంలో దీనికి రైల్వే కమిటీ సాటిరాదు. 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఏ మార్గంలో ఏ వేళ బస్సు చాలడం లేదో చెప్పడానికి ఇంతకన్నా తగిన వేదిక ఉండాలి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో సలహా మండలిని నియమించుకునే వీలు 17వ సెక్షన్‌లో ఉంది. జిల్లా స్థాయిలో అలాంటిది ఒకటి ఉండి, అందులో స్త్రీలు సగం మంది ఉంటే బాగుండునని ఆశపడడంలో తప్పులేదు.

జాతీయ రహదారుల విషయంలో పరిస్థితి వేరు. 1956 చట్టం ప్రకారం భూసేకరణ ప్రకటన గెజిట్‌లో వచ్చిన 21 రోజుల్లోగా ఆ భూమితో సంబంధం ఉన్నవారు అభ్యంతరం చెప్పవచ్చు, అధికారి వారి మాట వినాలి. ప్రకటన సారాంశం రెండు స్థానిక పత్రికల్లో, వాటిలో ఒకటి స్థానిక భాషలో, రావాలి. గెజిట్ తేదీకీ, పత్రిక మన ఊరి టీ కొట్టుకు చేరి ఎవరో సర్వే నంబరు గుర్తుపట్టిన తేదీకీ మధ్య ఎన్ని రోజులు పోతాయో భూమి పోయినవారిని అడిగితే చెబుతారు. పైగా ఆ హక్కు ఆ భూమితో సంబంధం ఉన్నవారిదే. బైపాస్ వచ్చాక ఊళ్లోకి బస్సులు రావడం మానేస్తే నష్టపోయే మిగతా ఊరివారికీ, బడి పిల్లలకూ ఆ ప్రక్రియలో స్థానం లేదు. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ కింద 30 రోజుల నోటీసుతో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, దాన్ని వీడియో తీస్తారు, ఎవరైనా మాట్లాడవచ్చు. కానీ అప్పటికి రోడ్డు గీత గీయడం పూర్తయి ఉంటుంది. 'కావాలా, వద్దా' అన్న ప్రశ్న తప్ప 'ఎటు వైపు నుంచి' అన్న ప్రశ్నకు సమయం దాటిపోయి ఉంటుంది.

రోడ్డు ఎంత వెడల్పు కావాలో తేల్చే వాహనాల లెక్కలోనూ స్థానికుల మాటకు చోటుంది. పట్టణాలకు బయటి రహదారులపై వాహన గణన గురించి, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఏడు రోజుల పాటు, ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒకటి పంట అమ్మకాల రద్దీ కాలంలో, రెండోది రద్దీ లేని కాలంలో లెక్కించమంటాయి. మరి ప్రకాశంలో రద్దీ కాలం ఏది? టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం సాగే నెలలు ఒక లెక్క. చీమకుర్తి గ్రానైట్ లారీలకు రుతువే లేదు. పొదలకూరు నిమ్మకాయల బండ్లది మరో లెక్క. నెల్లూరులో రొట్టెల పండుగ ముహర్రంతో పాటు ఏటేటా తేదీ మారుతుంది. ఈ సంగతులు ఆ లెక్క తీసే కన్సల్టెంటు సంస్థకు చెప్పేవారు కావాలి.

అమెరికాలో ఈ పని ఎలా చేస్తారో తెలుసుకుంటే మన కొరత ఎక్కడుందో తేటపడుతుంది. అక్కడ 50,000 జనాభా దాటిన పట్టణ ప్రాంతాలకు ఎంపీఓ అనే ప్రాంతీయ రవాణా ప్రణాళికా సంస్థ ఉండాలి; రోడ్డు, బస్సు, సైకిలు, కాలిబాట అన్నీ దాని బల్ల మీదికే వస్తాయి. అది కనీసం 20 ఏళ్ల ముందుచూపుతో ప్రణాళిక తయారుచేస్తుంది. చాలా ఎంపీఓలకు పౌరుల సలహా సంఘాలు ఉంటాయి, ముసాయిదా దశలోనే ప్రణాళిక వాటి ముందుకు వస్తుంది. ఆ సంఘాలకూ నిర్ణయాధికారం లేదు; అక్కడా సమావేశాలకు తీరిక ఉన్నవారే ఎక్కువగా వస్తారన్న విమర్శ ఉంది. కానీ ప్రజలను ఏ పద్ధతిలో సంప్రదిస్తారో చెప్పే పత్రాన్ని ఆమోదించే ముందు దానిమీదే 45 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలని, ముసాయిదాపై ముఖ్యమైన వ్యాఖ్యలు వస్తే వాటిని ఏం చేశారో తుది ప్రణాళికలోనే నివేదిక చేర్చాలని అక్కడి సమాఖ్య నిబంధనలు చెబుతాయి. అడిగిన మాట ఏమైందన్న ప్రశ్నకు జవాబు రాయడం వారికి విధి, మనకు సభ్యుడి సౌజన్యం.

మనకూ అలాంటి బల్లకు రాజ్యాంగంలో స్థలం ఉంది. 74వ సవరణ తెచ్చిన 243జెడ్‌డి అధికరణం ప్రకారం జిల్లా ప్రణాళికా కమిటీ పంచాయతీల, పురపాలక సంఘాల ప్రణాళికలను కలిపి జిల్లాకు ఒకే ముసాయిదా తయారుచేయాలి; అందులో ఐదింట నాలుగు వంతుల మంది ఎన్నికైన ప్రతినిధులే ఉండాలి. రైలు, బస్సు, రోడ్డు, కాలువ అన్నీ ఒకేచోట చర్చకు రావడానికి ఇంతకు మించిన చోటు లేదు. ఆ కమిటీ సమావేశంలో బస్సు వేళల గురించి ఎవరైనా మాట్లాడగా విన్నవారు ఉంటే వారిని కలవాలని నాకు చాలా కోరికగా ఉంది.

మార్కులు వేయమంటే, స్టేషన్ సౌకర్యాల విషయంలో డీఆర్‌యూసీసీకి ఐదుకు నాలుగు, హాల్టులూ కాలపట్టికల విషయంలో రెండు, ప్రాంతీయ ప్రణాళిక విషయంలో ఒకటి వేస్తాను. సొంత ఊరి స్టేషన్లో స్పష్టమైన, ఒకే ఒక్క కోరిక ఉన్నవారికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పది కోరికల జాబితాతో వెళ్లేవారికి చేయను; పదింటిలో తేలికైన రెండు నెరవేర్చి, మిగతావాటికి ఒకే వాక్యంలో జవాబిస్తారు. వినతి తెలుగులో రాసినా పక్కన ఇంగ్లీషు ప్రతి జతచేయండి, సమావేశానికి చాలా ముందుగా ఇవ్వండి, అది చర్చాంశాల్లో ఏ సంఖ్య కింద వచ్చిందో సభ్యుణ్ని అడిగి రాసిపెట్టుకోండి.

ఇప్పుడు రాయవలసిన వినతి ఒకటి ఉంది. 2011–12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి మార్గం దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు ప్రాంతాల మీదుగా, చాలాకాలం రైలు ముఖం చూడని మెట్ట ఊళ్ల పక్కగా వస్తోంది. స్టేషన్ నుంచి బస్టాండుకు దారి ఎటు, మొదటి రైలు వచ్చే రోజుకు ఆ దారిలో బస్సు ఉంటుందా, అండర్ బ్రిడ్జి కట్టే చోట వాన నీరు ఎటు పోతుంది అన్న ప్రశ్నలను డివిజన్ కమిటీకి, జిల్లా కలెక్టరుకు, ఆ ఊళ్ల ఆర్టీసీ డిపోలకు ఒకే కాగితం మీద, ఒకే తేదీతో పంపాలి. కనిగిరి, పొదిలి వైపు మిత్రులు ఈ వినతి సిద్ధం చేస్తామంటే ముసాయిదా రాసి ఇవ్వడానికి మా సంఘం సిద్ధంగా ఉంది.